రైలు దారులు వేసిన గుత్తేదారు థామస్ బ్రాసీ: తరచుగా అడిగే ప్రశ్నలు

రైళ్ల చరిత్ర అనగానే జార్జ్ స్టీవెన్‌సన్ పేరు, ఆయన ఇంజన్ల పేర్లు గుర్తొస్తాయి. పట్టాల కింద కట్ట పోసింది ఎవరు, కొండను కోసింది ఎవరు, నది మీద స్తంభాలు లేపింది ఎవరు అని అడిగేవాళ్లు తక్కువ. ఆ పని గుత్తకు తీసుకుని, వేలమంది కూలీలను పెట్టి, చెప్పిన తేదీకి దారి అప్పగించినవాళ్లలో అందరికన్నా పెద్దవాడు థామస్ బ్రాసీ. సివిల్ పనులు చేసేవాళ్లు, రైళ్లంటే ఇష్టం ఉన్నవాళ్లు ఆయన గురించి ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను.

థామస్ బ్రాసీ ఎవరు?

19వ శతాబ్దపు బ్రిటిష్ రైల్వే గుత్తేదారు. 1805 నవంబర్ 7న ఇంగ్లండ్‌లోని చెస్టర్ పట్టణం దగ్గర బ్యూర్టన్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి కలిగిన రైతు. బ్రాసీ 1870 డిసెంబర్ 8న చనిపోయాడు. అప్పటికి ప్రపంచంలో ఉన్న ప్రతి ఇరవై మైళ్ల రైలు దారిలో ఒక మైలు ఆయన వేసిందేనని లెక్క. 1847 నాటికే బ్రిటన్ రైలు మార్గాల్లో మూడో వంతు ఆయన చేతి మీదుగా వచ్చినవే. ఫ్రాన్స్‌లో నాలుగింట మూడు వంతులు ఆయనవేనని చెబుతారు. ఆ ఫ్రాన్స్ లెక్క మొదటిసారి చదివినప్పుడు నేను నమ్మలేకపోయాను. ఒక దేశపు రైళ్లను పక్క దేశపు గుత్తేదారు వేశాడన్నమాట!

ఇంజనీరుకీ గుత్తేదారుకీ తేడా ఏమిటి?

దారి ఎటు పోవాలో, వంతెన ఎంత ఎత్తుండాలో నిర్ణయించి డ్రాయింగ్ గీసేది ఇంజనీరు. రైల్వే కంపెనీ జీతం ఇచ్చేది అతనికే. గుత్తేదారు టెండర్ వేసి, ఇంత సొమ్ముకు, ఇన్ని నెలల్లో కట్టి ఇస్తానని మాట ఇస్తాడు. మనుషులు, గుర్రాలు, బళ్లు, ఇటుక, సున్నం, కలప అన్నీ అతనే సమకూర్చుకోవాలి. తవ్వుతుంటే మట్టి బదులు బండ తగిలినా, వానకు కట్ట జారినా నష్టం అతనిదే. బిల్లు ఆలస్యమైనా శనివారం కూలి ఆగకూడదు. సైటులో పని చేసినవాళ్లకు ఈ టెన్షన్ ఎలా ఉంటుందో నేను చెప్పనక్కర్లేదు.

ఆయన ఈ పనిలోకి ఎలా వచ్చాడు?

పదహారేళ్లప్పుడు విలియం లాటన్ అనే భూముల సర్వేయరు దగ్గర పనిలో చేరాడు. చిన్నప్పుడే గొలుసు పట్టుకుని పొలాలు కొలవడం, నేల రకం చూసి చెప్పడం అలవాటైంది. ష్రూస్‌బరీ నుంచి హోలీహెడ్‌కు వేస్తున్న పెద్ద రోడ్డు సర్వేలో సాయం చేశాడు. ఆ రోడ్డు ఇంజనీరు థామస్ టెల్‌ఫర్డ్‌ను కలిసింది అక్కడే. ఇరవై ఒకటో ఏట లాటన్‌తో భాగస్తుడయ్యాడు. లివర్‌పూల్‌కు ఎదురుగా, నది అవతల బర్కెన్‌హెడ్‌లో కాపురం పెట్టి ఇటుక బట్టీ, సున్నపు బట్టీ, రాతి క్వారీ చూసుకున్నాడు. అప్పటికి బర్కెన్‌హెడ్ చాలా చిన్న ఊరు. లాటన్ పోయాక వ్యాపారం మొత్తం ఆయన చేతికి వచ్చింది.

సొంతంగా చేసిన మొదటి సివిల్ పనులు బ్రోమ్‌బరో దగ్గర నాలుగు మైళ్ల రోడ్డు, 1829లో సాగాల్ మాసీ దగ్గర ఒక చిన్న వంతెన. ఆ రోజుల్లోనే రాయి కోసం క్వారీకి వచ్చిన జార్జ్ స్టీవెన్‌సన్‌తో పరిచయమైంది. రైల్వే పనుల వైపు రమ్మని ప్రోత్సహించింది స్టీవెన్‌సనే. ఇంట్లో భార్య మరియా కూడా అదే మాట అంది. 1831లో పెళ్లయిన దగ్గర్నుంచి ఆమె ఆయనకు సగం బలం. పని ఉన్న చోటల్లా ఇల్లు మారుస్తూ తిరిగింది. ఆయనకు రాని ఫ్రెంచి ఆమెకు వచ్చు. ఫ్రాన్స్ వెళ్దామా వద్దా అన్నప్పుడు వెళ్దామంది ఆమే. బ్రాసీ గురించి రాసేటప్పుడు మరియా పేరు వదిలేస్తే సగం కథ వదిలేసినట్టే.

మొదటి రైల్వే పని ఏది?

మొదట డటన్ వంతెనకు టెండర్ వేశాడు. అది విలియం మెకెంజీ అనే ఇంకో గుత్తేదారుకు తక్కువ ధరకు పోయింది. 1835లో గ్రాండ్ జంక్షన్ రైల్వేలో పెంక్‌రిడ్జ్ దగ్గర ఏడు కమానుల వంతెన, దానితో పాటు పది మైళ్ల దారి దక్కాయి. ఈ వంతెన లెక్క తెలుసుకోదగినది. స్టీవెన్‌సన్ కాలంలో దీనికి వేసిన అంచనా 26,000 పౌండ్లు. తర్వాత వచ్చిన ఇంజనీరు జోసెఫ్ లాక్ పనిని ముక్కముక్కగా విడదీసి, ఎంత మట్టి, ఎంత రాయి, ఏ నాణ్యత అన్నది స్పష్టంగా రాయించాడు. ఆ కాగితం చూసి కొత్తవాడైన బ్రాసీ 6,000 పౌండ్లకు ఒప్పుకుని పూర్తి చేశాడు. అంత తేడా రావడానికి కారణం ఒకటే. ఏం చేయాలో సరిగా తెలియనప్పుడు గుత్తేదారు భయంతో ధర పెంచుతాడు. తెలిస్తే న్యాయమైన ధర చెబుతాడు. పని వివరాలు సరిగా రాయకుండా టెండర్లు పిలిచే పద్ధతి వల్ల ఎంత డబ్బు పోతుందో ఈ ఒక్క వంతెన చెబుతుంది.

గ్రాండ్ జంక్షన్ మీద 1837 జులైలో రైళ్లు మొదలయ్యాయి. లాక్, బ్రాసీల జత లాక్ చనిపోయిన 1860 దాకా సాగింది.

ఫ్రాన్స్‌కు ఎందుకు వెళ్లాడు?

పారిస్ నుంచి రువాన్ వరకు 82 మైళ్ల లైనుకు లాక్ ఇంజనీరు. అక్కడి గుత్తేదారులు చెప్పిన ధరలు మరీ ఎక్కువగా ఉన్నాయి. అందుకని ఆయన ఇంగ్లండ్ నుంచి బ్రాసీనీ మెకెంజీనీ పిలిచాడు. ఒకప్పుడు టెండర్లో పోటీపడ్డ ఇద్దరూ ఇక్కడ భాగస్తులయ్యారు. 1841లో పని మొదలుపెట్టి 1843 మేలో రైలు నడిపించారు.

సుమారు 5,000 మంది కూలీలను ఇంగ్లండ్ నుంచి ఓడల్లో తీసుకెళ్లారు. స్థానికులూ చేరారు, ఇంకా ఎన్నో దేశాలవాళ్లూ వచ్చారు. సైటులో పదకొండు భాషలు వినిపించేవని చెబుతారు. బోనియేర్ దగ్గర ఒక రాతి క్వారీలో ఫ్రెంచివాళ్లు, ఐరిష్‌వాళ్లు, ఇంగ్లీషువాళ్లు పక్కపక్కనే పని చేశారు. రోజు కూలి వరసగా 3, 4, 6 ఫ్రాంకులు. రాయి లెక్క చూస్తే ఆరు ఫ్రాంకుల మనిషే గిట్టుబాటు! దీన్ని జాతి గొప్పతనంగా చూడకూడదని నా అభిప్రాయం. ఇంగ్లీషు కూలీకి కడుపునిండా మాంసం, మంచి పనిముట్లు, ఏళ్ల తరబడి అలవాటు ఉన్నాయి. తక్కువ కూలికి దొరికే మనిషితో పని చవగ్గా అవుతుందనుకోవడం పొరపాటని బ్రాసీకి అర్థమైంది ఇలాంటి చోట్లే. ఆయన కొడుకు తర్వాత ఈ లెక్కలన్నీ పోగు చేసి కూలి మీద వాదన చేశాడు.

బారెంటాన్ వంతెన కూలిపోయిందంటారు, నిజమేనా?

నిజమే. నాకు బ్రాసీ మీద గౌరవం కలిగింది ఈ సంఘటన చదివాకే. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

రువాన్ లైనును సముద్రం ఒడ్డున ఉన్న ల ఆవ్ర్ దాకా పొడిగించే పనిలో బారెంటాన్ అనే ఊరి దగ్గర లోయ అడ్డం వచ్చింది. దాని మీద 27 కమానులతో, దాదాపు 100 అడుగుల ఎత్తున ఇటుక వంతెన కట్టారు. ఖర్చు సుమారు 50,000 పౌండ్లు. ఒప్పందంలో ఆ చుట్టుపక్కల దొరికే సున్నమే వాడాలని ఉంది. ఆ సున్నం మీద బ్రాసీకి ముందునుంచే నమ్మకం లేదు, ఆ సంగతి చెప్పాడు కూడా. ఒప్పందం ఒప్పందమే కాబట్టి అదే వాడాల్సి వచ్చింది. గానుగ సున్నంతో కట్టిన పాత గోడలు చూసినవాళ్లకు ఒక విషయం తెలుసు: సున్నం గట్టిపడటానికి టైమ్ కావాలి, అది మంచిదై ఉండాలి, తడి ఎక్కువైతే పట్టు రాదు. వంతెన పని అయ్యాక బాగా వానలు పడ్డాయి. 1846 జనవరి 10 ఉదయం వంతెన మొత్తం కూలి నేలమట్టమైంది.

ఇంగ్లీషువాళ్లు వచ్చి నాసిరకం పని చేశారని ఫ్రాన్స్‌లో పత్రికలు దుమ్మెత్తిపోశాయి. తప్పు ఎవరిది అన్న తగాదా కోర్టుకు వెళ్తే ఏళ్లు పట్టేది. సున్నం సంగతి ముందే చెప్పాను, ఒప్పందంలో రాసింది మీరే అని వాదించడానికి బ్రాసీ దగ్గర బలమైన కారణమే ఉంది. ఆయన ఆ దారి పట్టలేదు. దారి వేసి నిలబెడతానని మాట ఇచ్చాను, నిలబెడతాను అన్నాడు. లాయర్ల కోసం ఆగకుండా సొంత ఖర్చుతో, ఈసారి తనకు నచ్చిన సున్నం తెప్పించి, ఆరు నెలల లోపే మళ్లీ కట్టించాడు. 1847 మార్చిలో లైను మొదలైంది. ఆ రెండో వంతెన మీద ఇప్పటికీ రైళ్లు తిరుగుతున్నాయి.

అన్ని దేశాల్లో, అన్ని పనులు ఒకేసారి ఎలా నడిపించాడు?

నమ్మి వదిలేయడం వల్ల. ప్రతి పెద్ద పనికీ ఒక ఏజెంటును పెట్టి పూర్తి అధికారం ఇచ్చేవాడు. ఏజెంటు కింద సబ్ కాంట్రాక్టర్లు ఉండేవాళ్లు. ఒకరు ఇటుక పని, ఒకరు మట్టి పని, ఒకరు సొరంగం, ఇలా ముక్కలుగా పంచుకునేవాళ్లు. వాళ్ల కింద పది పదిహేను మంది ముఠాలు. మన ముఠా మేస్త్రీల పద్ధతికి చాలా దగ్గర.

బ్రాసీ సైటుకు వచ్చి కాలినడకన మొత్తం తిరిగేవాడు. మామూలు మట్టి అనుకుని ధర ఒప్పుకున్న సబ్ కాంట్రాక్టరుకు గట్టి బండ తగిలిందనుకోండి, అతను నష్టపోతున్నాడని చూస్తే అక్కడికక్కడే ధర పెంచేవాడు. కాగితం ప్రకారం ఆ అవసరం లేదు. నోటి లెక్కలో ఆయన గట్టివాడు కాబట్టి బేరసారాలు గంటల తరబడి సాగేవి కావు. ఈ పద్ధతి వల్ల ఒకసారి ఆయన కింద పని చేసిన మనుషులు దేశాలు దాటి ఆయన వెంట వెళ్లారు. 1840ల మధ్యలో, బ్రిటన్‌లో రైల్వే షేర్ల పిచ్చి ముదిరిన రోజుల్లో, ఆయన కింద దాదాపు 75,000 మంది ఉండేవారని అంచనా. వారం కూలి పంపకమే 15,000 నుంచి 20,000 పౌండ్లు.

'నావీ'లు అంటే ఎవరు?

రైల్వేల కన్నా ముందు ఇంగ్లండ్‌లో పడవల కాలువలు తవ్వినవాళ్లను 'నావిగేటర్లు' అనేవారు. ఆ మాట కుదించుకుపోయి 'నావీ' అయింది. పలుగు, పార, తోపుడు బండి వీళ్ల ఆస్తి. అనుభవం ఉన్న నావీ రోజుకు దాదాపు 20 టన్నుల మట్టి ఎత్తిపోసేవాడు. పొలం కూలీ ఈ పనిలోకి వస్తే ఆ స్థాయికి చేరడానికి ఏడాది పట్టేది.

మన దగ్గర వడ్డెరలను తలచుకుంటే నావీ ఎవరో వెంటనే అర్థమవుతుంది. మట్టిపనిలో, రాతిపనిలో తరతరాల నేర్పు ఉన్న వడ్డెరలు దక్కన్‌లో బ్రిటిష్ కాలపు రైలు పనుల్లోనూ చెమటోడ్చారు. రెండు చోట్లా పేర్లు మిగలలేదు, కట్టలు మిగిలాయి. ప్రమాదాలు కూడా ఎక్కువే. పనిలో దెబ్బ తగిలితే యజమానిని బాధ్యుణ్ని చేసే చట్టం బ్రిటన్‌లో 1880లో గానీ రాలేదు. అంటే బ్రాసీ కాలమంతా కూలీ బతుకు యజమాని మంచితనం మీదే ఆధారపడింది. ఆయన మంచివాడే. కానీ యజమాని మంచితనాన్ని నమ్ముకుని బతకాల్సి రావడం న్యాయం కాదని నేను గట్టిగా అనుకుంటాను.

చిత్తడి నేల మీద రైలు కట్ట ఎలా వేశారు?

లండన్ నుంచి పీటర్‌బరో వైపు వెళ్లే గ్రేట్ నార్తర్న్ లైనులో హోమ్ అనే చోట నేల మెత్తటి బురద. మట్టి ఎంత పోసినా మింగేస్తుంది. బ్రాసీ ఏజెంటు స్టీఫెన్ బల్లార్డ్ అక్కడ పుట్టి పెరిగినవాడిలా ఆ నేలను అర్థం చేసుకున్నాడు. చిన్న కొమ్మల కట్టలు ఒక వరస, గడ్డితో కూడిన మట్టిపెళ్లలు ఒక వరస పేర్చి తెప్పలా చేశాడు. దాని మీద బరువు కొంచెం కొంచెంగా పెంచుతూ వెళ్తే, తెప్ప నీటిని పిండేస్తూ నెమ్మదిగా దిగి ఒక చోట నిలిచింది. తొందరపడి ఒకేసారి బరువు వేసుంటే పక్కకు జారిపోయేది. లండన్ నుంచి ఎడిన్‌బరోకు వెళ్లే రైళ్లు నేటికీ అటే పోతాయి.

యుద్ధంలో కూడా రైలు వేశారా?

వేశారు. రష్యాతో జరిగిన యుద్ధంలో, 1854–55 చలికాలంలో, క్రిమియాలో బ్రిటిష్ సైన్యం సెవస్తపోల్ కోటను ముట్టడించింది. బలక్లావా రేవులో తిండి, బట్టలు, గుండ్లు గుట్టలుగా పడి ఉన్నాయి. బురద వల్ల ఏడు మైళ్ల దూరంలో ఉన్న సైనికులకు అవి చేరడం లేదు, మనుషులు చలికి, రోగాలకు చచ్చిపోతున్నారు. పీటో, బెట్స్ అనే ఇంకో ఇద్దరు రైల్వే గుత్తేదారులు, బ్రాసీ ముగ్గురూ కలిసి లాభం తీసుకోకుండా అసలు ఖర్చుకే రైలు వేస్తామన్నారు. ఫిబ్రవరి మొదట్లో నావీలు దిగారు. ఏడు వారాల్లో ఏడు మైళ్ల లైను సైన్యం దాకా చేరింది.

కెనడాలో ఏం జరిగింది?

గొప్ప పని, పెద్ద నష్టం. 1850లలో గ్రాండ్ ట్రంక్ రైల్వేను పీటో, బ్రాసీ, బెట్స్ తీసుకున్నారు. మాంట్రియల్ దగ్గర సెయింట్ లారెన్స్ నదిని దాటాలి. అది చలికాలంలో గడ్డకట్టి, వేసవి ముందు మంచు పలకలు కొండల్లా కొట్టుకొచ్చే నది. ఏడాదిలో నీటిలో పని చేయగలిగేది కొన్ని నెలలే. జార్జ్ స్టీవెన్‌సన్ కొడుకు రాబర్ట్ స్టీవెన్‌సన్, అలెగ్జాండర్ రాస్ డిజైన్ చేసిన విక్టోరియా వంతెనకు 24 రాతి స్తంభాలు. మంచును చీల్చేలా ఎగువ వైపు అంచు పదునుగా పెట్టారు. పైన ఇనుప గొట్టం, రైలు దాని లోపలి నుంచి పోతుంది.

ఆ ఇనుప పలకలు చేయడానికి 1853లో బర్కెన్‌హెడ్‌లో కెనడా వర్క్స్ అనే ఫ్యాక్టరీ పెట్టారు. ప్రతి పలకకూ నంబరు వేసి, రివెట్ రంధ్రాలు ముందే కొట్టి, ఓడలో పంపారు. నది మధ్యలో తెచ్చి అమరిస్తే పలకలు సరిగ్గా కుదిరాయి. ఇప్పటి ప్రీఫ్యాబ్ పద్ధతి అప్పుడే చేసి చూపించారు. 1859 చివర్లో రైళ్లు నడిచాయి. 1898 ప్రాంతంలో పైన ఇనుప గొట్టం మార్చారు గానీ, కింద స్తంభాలు అవే. డబ్బు మాత్రం పోయింది. కలరా వచ్చింది, కూలి రేట్లు పెరిగాయి, చలి పని ఆపింది. గుత్తేదారులకు పది లక్షల పౌండ్ల దాకా నష్టం.

ఈ వంతెన దగ్గరే ఇంకో సంగతి. పునాదులు తవ్వుతుంటే మనుషుల ఎముకలు బయటపడ్డాయి. 1847లో ఐర్లండ్ కరువు నుంచి పారిపోయి వచ్చి, ఓడ జ్వరంతో (టైఫస్‌తో) అక్కడ చచ్చిపోయిన దాదాపు 6,000 మంది ఎముకలవి. కూలీల్లో ఎంతోమంది ఐరిష్‌వాళ్లే. 1859లో నది నుంచి తీసిన సుమారు 30 టన్నుల బండరాయిని ఆ చోట నిలబెట్టి, ఈ సమాధులను ఎవరూ కదిలించకూడదని చెక్కించారు. నిలబెట్టింది పీటో, బ్రాసీ, బెట్స్ కంపెనీ పనివాళ్లని ఆ రాయి మీదే ఉంది. ఆ రాయి ఇప్పటికీ అక్కడ ఉంది.

భారతదేశంలో బ్రాసీ పని చేశాడా?

ఆయన భాగస్తులతో కలిసి తీసుకున్న పనులు మూడు చెప్పుకోదగ్గవి. కలకత్తా నుంచి కుష్టియాకు 112 మైళ్ల ఈస్టర్న్ బెంగాల్ లైను, 1862లో రైళ్లు మొదలయ్యాయి. కుష్టియా ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. రెండోది అమృత్‌సర్ నుంచి ఢిల్లీ వైపు 304 మైళ్ల ఢిల్లీ రైల్వే, 1864–70 మధ్య. సట్లెజ్, బియాస్, యమున నదుల మీద వంతెనలు ఈ లైనువే. హిమాలయాల నుంచి దిగే నదులు వరదకు దారి మార్చుకుంటాయి కాబట్టి పునాది బావులు లోతుగా దింపాల్సి వచ్చింది. మూడోది ఈస్ట్ ఇండియన్ రైల్వే వాళ్ల 147 మైళ్ల కార్డ్ లైను, అంటే పాత లైను చుట్టు తగ్గించే అడ్డదారి. నేడు హౌరా నుంచి పాట్నాకు వెళ్లే రైళ్లు ఆ దారినే పోతాయి. తెలుగు జిల్లాలకు వచ్చిన లైన్లు ఈ పనుల్లో లేవు.

1866లో ఆయన భాగస్తులు దివాలా తీశారు కదా, బ్రాసీ ఎలా బయటపడ్డాడు?

1866 మే 10న లండన్‌లో ఓవరెండ్ గర్నీ అనే అప్పులిచ్చే సంస్థ మూతపడింది. దాని మీద ఉన్న బాకీ సుమారు కోటీ పది లక్షల పౌండ్లు. మర్నాటి నుంచి మార్కెట్లో అప్పు పుట్టలేదు. పీటో, బెట్స్ ఇద్దరూ దివాలా తీశారు. పార్లమెంటు భవనం పనిలో పాలుపంచుకున్న పీటోకే ఆ గతి పట్టింది. వాళ్లు రైల్వే షేర్లే జీతంగా తీసుకుని పనులు చేసేవాళ్లు. షేర్లు పడితే చేతిలో నగదు లేదు.

బ్రాసీ కూడా పెద్ద దెబ్బే తిన్నాడు. కానీ ఆయన సొంత సొమ్ము ఎక్కువ, అప్పు తక్కువ, మాట మీద నమ్మకం ఇంకా ఎక్కువ. అదే ఏడాది ఆస్ట్రియాకూ ప్రష్యాకూ యుద్ధం. లెంబర్గ్ నుంచి చెర్నోవిట్జ్‌కు, అంటే ఇప్పటి ఉక్రెయిన్‌లోని ల్వివ్, చెర్నివ్‌ట్సీ మధ్య, ఆయన లైను పని జరుగుతోంది. అక్కడి బాధ్యుడు విక్టర్ ఆఫెన్‌హైమ్ యుద్ధం మధ్యలోంచి ఇంజన్ మీద డబ్బు తీసుకెళ్లి కూలీలకు పంచాడు. యుద్ధమైనా కూలి ఆగలేదు.

ఆయన ఎంత సంపాదించాడు? బిరుదులు వచ్చాయా?

చనిపోయేనాటికి ఆస్తి 50 లక్షల పౌండ్లకు పైనే. ఫ్రాన్స్, ఆస్ట్రియా, ఇటలీ బిరుదులు ఇచ్చాయి. సొంత దేశం నుంచి ఆయనకు ఏ బిరుదూ రాలేదు, ఆయన అడగనూ లేదు.

ఆ తర్వాత కంపెనీ ఏమైంది?

కంపెనీ అంటూ ఏమీ లేదు. అంతా ఆయన పేరు మీద, పనికో భాగస్వామ్యంతో నడిచింది. ముగ్గురు కొడుకులు థామస్, హెన్రీ, ఆల్బర్ట్ పార్లమెంటుకు వెళ్లారు. పెద్దకొడుకు తర్వాత ఆస్ట్రేలియాలో విక్టోరియా గవర్నరుగా చేశాడు. గుత్త పని మాత్రం తండ్రితోనే ఆగిపోయింది.

ఆయన పనులు ఇప్పుడు చూడొచ్చా?

ఇంగ్లండ్, వేల్స్ వెళ్లేవాళ్లు రైలు కిటికీ పక్కన కూర్చుంటే చాలు. స్టాఫర్డ్ నుంచి వుల్వర్‌హాంప్టన్ వెళ్లేటప్పుడు పెంక్‌రిడ్జ్ దగ్గర ఏడు కమానుల వంతెన వస్తుంది. వేల్స్‌లో డీ నది మీద 19 కమానుల కెఫ్న్ వంతెన ఆయన కట్టిందే. చెస్టర్ స్టేషను కూడా. లండన్ వీధుల కింద ఆయన మనుషులు తవ్విన మురుగునీటి సొరంగం ఇంకా పని చేస్తోంది. సమాధి ససెక్స్‌లోని క్యాట్స్‌ఫీల్డ్ చర్చి ఆవరణలో ఉంది. నేనైతే ఒక్క చోటికే వెళ్లగలిగితే బారెంటాన్ లోయకు వెళ్లి, రెండోసారి కట్టిన ఆ 27 కమానుల కింద కాసేపు నిలబడి వస్తాను.